కీళ్లవాతం పట్టిన చేతికి ఏ దారి: మందు, పట్టీ, ఆపరేషన్, పని మార్పు

చేతి కీళ్లకు ఆపరేషన్ అన్న మాట వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ ఎక్స్‌రే చుట్టూ చేరతారు. ఎముక ఎంత అరిగింది, కీలు ఎంత పక్కకు జరిగింది అన్నవి అందులో కనిపిస్తాయి. ఆ చేయి పొద్దున లేచింది మొదలు ఏమేం చేయాలో మాత్రం అందులో ఉండదు. బాగా వంకరపోయిన వేళ్లతోనే రోజంతా పూలు కట్టేవాళ్లున్నారు. ఎక్స్‌రేలో పెద్ద తేడా ఏమీ లేకపోయినా సీసా మూత తిప్పలేనివాళ్లూ ఉన్నారు. అందుకే నన్ను సలహా అడిగినవాళ్లను ముందు ఒక కాగితం తీసుకుని, ఆ చేత్తో చేయక తప్పని పనులు రాయమంటాను. నొప్పి ఎంత అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

నేను డాక్టర్ని కాను, తిరుపతిలో జాకెట్లు కుట్టి బతుకుతున్న మనిషిని. రుమటాయిడ్ కీళ్లవాతం వచ్చి చాలా ఏళ్లయింది. కుడిచేతికి ఆపరేషన్ అయింది, ఎడమచేతికి వద్దనుకున్నాను. నిజానికి ఎక్స్‌రేలో ఎక్కువ పాడైనట్టు కనిపించేది ఎడమదే. అయితే కత్తెర పట్టేది కుడిచేయి. ఎడమచేయి గుడ్డను అదిమి పట్టుకుంటే చాలు, ఆ పని అది ఇప్పటికీ బాగానే చేస్తోంది. ఒకే మనిషి రెండు చేతులకు రెండు దారులు ఎంచుకోవడంలో వింతేమీ లేదు.

ముందు జబ్బు ఏదో తేలాలి

మన వైపు చేతి కీళ్లు నొస్తే అన్నిటినీ వాతం ఖాతాలోనే వేస్తారు. కానీ ముందున్న దారులన్నీ చీలేది ఇక్కడే. అరుగుదల వల్ల వచ్చే నొప్పి సాధారణంగా యాభై దాటాక మొదలవుతుంది. వేలి చివరి కణుపుల్లో, బొటనవేలి మొదట్లో కనిపిస్తుంది. పని చేస్తే పెరుగుతుంది, చేయి ఆగితే తగ్గుతుంది. పొద్దున్నే ఉండే బిగుతు అరగంటలోపే వదులుతుంది. రుమటాయిడ్ అలా కాదు. దానికి వయసుతో పనిలేదు, ఆడవాళ్లలో ఎక్కువ. మణికట్లు, పిడికిలి కణుపులు రెండు చేతుల్లోనూ వాస్తాయి. లేచాక పిడికిలి ముడవడానికి గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఒళ్లంతా నీరసం కమ్ముతుంది. మన రోగనిరోధక శక్తి మన కీళ్ల పొర మీదే తిరగబడడం దీనికి మూలం. రక్తంలో ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే గుర్తులు చూస్తారు గానీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్ లేదని రిపోర్టు వచ్చినంత మాత్రాన జబ్బు లేదని ధైర్యపడకూడదు. 2006లో చికున్‌గున్యా రాయలసీమను కుదిపేసినప్పుడు, జ్వరం పోయాక కూడా నెలల తరబడి కీళ్లు పట్టేసి బాధపడినవాళ్లు మన జిల్లాలో ఊరూరా ఉన్నారు. ఈమధ్య అలాంటి జ్వరం వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

అరుగుదలకు జబ్బును ఆపే మాత్ర ఇప్పటికైతే లేదు. నొప్పి తగ్గించుకుంటూ, కీలు మీద బరువు తగ్గించుకుంటూ నెట్టుకురావాలి. రుమటాయిడ్‌కు అలాంటి మందులున్నాయి. ఎక్కువమందికి ముందు రాసేది మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మా ఇంట్లో దాని డబ్బా మీద వేసుకోవలసిన రోజు పేరు లావు అక్షరాల్లో రాసి ఉంటుంది. దానికి తోడు ఫోలిక్ యాసిడ్, కొన్ని నెలలకోసారి రక్తకణాల పరీక్ష, కాలేయం పరీక్ష తప్పవు. గర్భంతో ఉన్నవాళ్లు వాడకూడదు, పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. ఇది పనిచేయడం మొదలుపెట్టడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఓపిక నశించేది ఈ సందులోనే. మందుల షాపులో స్టెరాయిడ్ మాత్ర చేతిలో పెడితే మర్నాటికల్లా వేళ్లు ముడుచుకుంటాయి, ఇక దాన్ని వదలబుద్ధి కాదు. డాక్టరు లెక్కగా కొన్నాళ్లు ఇచ్చే స్టెరాయిడ్ వేరు. సొంతంగా ఏళ్ల తరబడి మింగే స్టెరాయిడ్ ఎముకను గుల్ల చేస్తుంది, షుగర్ తెస్తుంది. దాన్ని ఉన్నట్టుండి ఆపేయడం ఇంకా ప్రమాదం. ఏ ఊరి పొడి, ఏ పొట్లం వాడుతున్నా డాక్టరు ముందు దాచకండి. కొన్ని పొట్లాల్లో కలిపి అమ్మేది అదే స్టెరాయిడ్.

మెథోట్రెక్సేట్ పడనివాళ్లకు, చాలనివాళ్లకు వేరే మందులున్నాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లు కంటి పరీక్ష మానకూడదు. టోఫాసిటినిబ్ మాత్రలు, బయోలాజిక్ ఇంజెక్షన్లు రోగనిరోధక శక్తిని అణిచేవి కాబట్టి మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష చేస్తారు. వీటిలో ఏది ఎవరికి అన్నది కీళ్లవాత నిపుణులు తేల్చవలసినది, ఇక్కడ నా మాట పనికిరాదు.

పుత్తూరు కట్టు సంగతి అడగనివాళ్లు ఉండరు కాబట్టి అదీ చెబుతాను. విరిగిన ఎముకకు కట్టు కట్టడంలో ఆ ఊరికి తరాల నుంచి పేరుంది, మద్రాసు నుంచి కూడా వస్తారు. కీళ్లవాతంలో విరిగిన ఎముక ఏదీ లేదు. లోపలి పొర వాచి, ఎముకను తినేస్తూ ఉంటుంది. దాన్ని పైనుంచి గట్టిగా బిగిస్తే వాపు ఎటూ పోలేక వేళ్లు మొద్దుబారతాయి. ఇక ఆపరేషన్ అయిన చేతికి, కుట్లు మానకముందు ఏ నాటుకట్టూ వద్దు. ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి మన ఊళ్లోనే ఉంది కదా అనేవాళ్లతో నాకు పేచీ లేదు. నూనె పట్టించి కాపడం పెడితే బిగుసుకున్న చేతికి హాయిగా ఉంటుంది. దాన్ని చూసుకుని రుమటాయిడ్ మందు ఆపేయడమే చేయకూడని పని. అలాగే ఎర్రగా వాచి వేడిగా ఉన్న కీలుకు కాపడం కాదు, చల్లటి గుడ్డ కావాలి.

పట్టీ, ఇంజెక్షన్

మణికట్టుకో బొటనవేలికో పెట్టుకునే పట్టీలు రెండు రకాలు. మందుల షాపులో దొరికే సాగే గుడ్డ పట్టీ చవక. వెచ్చగా ఉంటుంది, కాస్త ధైర్యంగా ఉంటుంది, కీలును మాత్రం నిలబెట్టలేదు. రెండోది ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు మన చేతి కొలతకు చేసే ప్లాస్టిక్ స్ప్లింట్. నాది చేసేటప్పుడు చూశాను. గట్టి అట్టలా ఉన్న తెల్లటి షీటును వేడినీళ్ల ట్రేలో వేయగానే అది చపాతీ పిండిలా వాలిపోయింది. తుడిచి, కాస్త చల్లారనిచ్చి, చేతి మీద పరిచి, బొటనవేలి చుట్టూ తిప్పి ఒత్తి పట్టుకున్నారు. నిమిషాల్లో గట్టిపడింది. తర్వాత అంచులు కత్తిరించి, ఎముక పొడుచుకొచ్చే చోట మళ్లీ వేడిచేసి కొద్దిగా ఎత్తు లేపారు. ఆ చివరి సవరణ కోసమే ఇది కొనదగినది. జాకెట్టు చంక దగ్గర పట్టేస్తే ఎంత ఖరీదు గుడ్డయినా దండగే, దీనికీ అదే సూత్రం. ఒక్క జాగ్రత్త: మే నెల ఎండలో ఆపి ఉంచిన కారులో దీన్ని వదిలేస్తే ఆకారం పోతుంది.

పగలు బరువు పనికి, రాత్రి నిద్రకు పట్టీ వాడి, మిగతా సమయంలో చేతిని కదల్చాలి. రోజంతా కట్టుకుని కూర్చుంటే కండ కరుగుతుంది.

బొటనవేలి మొదట్లో అరుగుదలకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వారాల నుంచి నెలల దాకా ఉపశమనం ఇస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఆ కొద్దిరోజులు షుగర్ పెరుగుతుంది. ఒకే కీలులో పదేపదే వేయించుకోవడం మంచిది కాదు. ఇంకో సంగతి చాలామందికి చెప్పరు. ఇంజెక్షన్ వేసిన కీలుకు వెంటనే ఆపరేషన్ చేస్తే చీము పట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి సర్జన్లు సాధారణంగా మూడు నెలల దాకా ఆగమంటారు. పెళ్లిళ్ల సీజను గట్టెక్కడానికి ఇంజెక్షన్, ఆ తర్వాత ఆపరేషన్ అని లెక్క వేసుకునేవాళ్లు ఈ మూడు నెలలనూ కలుపుకోవాలి.

ఆగదగిన ఆపరేషన్, ఆగకూడని ఆపరేషన్

చేతి కీళ్ల ఆపరేషన్లలో చాలావాటికి తొందర లేదు. నెల ఆగినా ఏడాది ఆగినా నష్టం లేదు. రెండు సందర్భాల్లో మాత్రం ఆగకూడదు.

మొదటిది నరం నలగడం. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిపూట తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందని అర్థం. తిమ్మిరి పగలు కూడా వదలకపోయినా, బొటనవేలి కింది కండ సన్నబడినా ఇక పట్టీతో కాలక్షేపం చేయకూడదు. ఆపరేషన్ చిన్నది, కోలుకోవడం వారాల పనే. ఆలస్యమైతే పోయిన కండ తిరిగి రాకపోవచ్చు.

రెండోది స్నాయువు, అంటే కండను ఎముకకు కలిపే తాడులాంటిది, తెగడం. నా కుడిచేతికి జరిగింది ఇదే. మణికట్టు వెనకభాగంలో వాచిన పొర, గరుకెక్కిన ఎముక కలిసి వేళ్లను ఎత్తే స్నాయువులను రాసి రాసి పలచన చేస్తాయి. నొప్పి ఏమీ ఉండదు. కత్తెర మూసుకుంది, తెరుచుకోవడానికి బొటనవేలు పైకి లేవలేదు, అంతే. చేయి బల్ల మీద బోర్లా పెట్టి బొటనవేలు ఎత్తమంటే అది అక్కడే పడి ఉంది. చిటికెన, ఉంగరం వేళ్లకు కూడా ఇలాగే అవుతుంది. ఒకటి తెగితే పక్కది తెగడానికి వరుసలో ఉన్నట్టే లెక్క. ఎత్తలేని వేలు కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోక వెంటనే చేతి సర్జన్ దగ్గరికి వెళ్లండి.

తెగిన కొసలు అప్పటికే చీలికలై ఉంటాయి కాబట్టి తిరిగి కలిపి కుట్టడం సాధారణంగా కుదరదు. చూపుడువేలికి ఎత్తే స్నాయువులు రెండున్నాయి. అందులో ఒకదాన్ని తీసి బొటనవేలికి కలుపుతారు. కొత్తలో చూపుడువేలు ఎత్తాలని తలచుకుంటే బొటనవేలు లేస్తుంది. థెరపిస్టు ఎదురుగా కూర్చుని "చూపుడువేలు పైకి" అంటుంటే నా బొటనవేలు వణుకుతూ లేవడం చూసి నాకు నవ్వాగలేదు. కొన్నాళ్లకు మెదడు కొత్త దారి నేర్చుకుంటుంది, ఆ తలచుకోవడం అక్కర్లేకుండా పోతుంది. చూపుడువేలు కూడా ఎప్పటిలాగే లేస్తుంది.

కీలు బిగించడమా, కదిలేలా ఉంచడమా

అసలు తర్జనభర్జన ఇక్కడే. అరిగిన కీలును రెండు ఎముకలూ అతుక్కునేలా శాశ్వతంగా బిగించేయవచ్చు. లేదా ఎముక తీసేసి గానీ, కృత్రిమ కీలు పెట్టి గానీ కదలిక మిగల్చవచ్చు. "బిగించేస్తారట" అనగానే అందరికీ గుండె గుభేలుమంటుంది. కానీ బలం, నిలకడ, మళ్లీ మళ్లీ ఆపరేషన్ అక్కర్లేకపోవడం బిగించిన కీలులోనే ఉన్నాయి. కదిలే కీలులో పనితనం ఉంది, మన్నిక తక్కువ. ఒక్కో కీలుకు తీర్పు ఒక్కో రకం.

మణికట్టును తీసుకుందాం. ప్లేటు, స్క్రూలతో బిగిస్తే నొప్పి పోతుంది, పట్టు బలపడుతుంది. అరచేయి పైకీ కిందికీ తిప్పడం పోదు, అది ముంజేతి ఎముకల పని. వంగడం, వెనక్కి వాలడం పోతాయి. మన జీవితంలో వాటి అవసరం ఎక్కడెక్కడుందో చూసుకోవాలి. కుడిచేత్తో అన్నం కలిపి నోట్లో పెట్టుకుంటాం. ఎడమచేత్తో కాలకృత్యాల తర్వాత కడుక్కుంటాం. ఎడమ మణికట్టు వెనక్కి వాల్చి బిగిస్తే ఆ పని కష్టమవుతుంది. అందుకే ఏ చేయి దేనికి వాడతారో సర్జన్‌కు సిగ్గుపడకుండా చెప్పాలి. బిగించే కోణాన్ని దాన్ని బట్టి సవరించగలరు. రెండు మణికట్లూ పాడైతే ఒకదానిలోనైనా కదలిక మిగల్చడానికి చూస్తారు. స్కూటరు నడిపేవాళ్లు కుడి మణికట్టు విషయంలో ఎక్స్‌లేటర్ తిప్పడం గురించి కూడా అడగాలి.

సంగటి కెలికే ఇళ్లలో ఇంకో లెక్క. తెడ్డు పట్టి ఉడికే సంగటిని తిప్పడానికి మణికట్టు వంగనక్కర్లేదు, గట్టిగా నిలబడితే చాలు. భుజం, మోచేయి ఆ పని చేస్తాయి. అంటే నొప్పితో వణికే మెత్తటి మణికట్టు కంటే బిగించిన మణికట్టే సంగటికి మేలు. అదే మణికట్టుతో పళ్లెం అంచున ముద్ద తిప్పడం మాత్రం ముందంత సులువుగా ఉండదు. కృత్రిమ మణికట్టు కూడా ఉంది గానీ బరువు పనులు చేసే చేతికి అది తగదు.

తేల్చుకోలేనివాళ్లకు ఒక మంచి ఉపాయం ఉంది. మణికట్టు ఏమాత్రం వంగకుండా గట్టి స్ప్లింట్ చేయించుకుని, రెండు వారాలు దానితోనే అన్ని పనులూ చేసి చూడండి. తినడం, జడ వేసుకోవడం, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, మరుగుదొడ్డి, స్కూటరు తప్ప మిగతా అన్నీ. ఎక్కడ ఇరుక్కుంటారో ఆ రోజుల్లోనే తెలిసిపోతుంది. ఎముక బిగించాక వెనక్కి తిరిగే దారి లేదు, స్ప్లింట్ విప్పేయవచ్చు.

బొటనవేలి మొదటి కీలు అరుగుదలలో ఎక్కువగా పాడవుతుంది. దీనికి రెండు దారులు. ట్రెపీజియం అనే చిన్న ఎముకను తీసేస్తే నొప్పి తగ్గుతుంది, కదలిక ఉంటుంది, చిటికెడు పట్టులో కొంత బలం తగ్గవచ్చు. నాలుగు నుంచి ఆరు వారాలు కట్టులో ఉంటుంది. చేయి పూర్తిగా తేరుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది. రెండో దారి కీలు బిగించడం. సుత్తి, పార, గునపం పట్టే చేతికి, వయసు తక్కువైతే, బలం కోసం ఇదే మేలంటారు. కానీ అరచేతిని చదునుగా పరచడం రాదు. నా వృత్తిలో ఇది చిన్న సంగతి కాదు. లైనింగు గుడ్డను బల్ల మీద అరచేత్తో సాపు చేయకపోతే కటింగ్ వంకరపోతుంది. కుట్టుపని, ఇస్త్రీ, పిండి ఒత్తడం, ఆఖరికి రెండు అరచేతులూ ఆనించి నమస్కారం పెట్టడం, వీటికి చదునైన చేయి కావాలి. శేషాచలం కింద బతికే మనకు ఆ చివరిది కూడా లెక్కలోకే వస్తుంది. కుట్టుపని చేసేవాళ్లకు నా ఓటు ఎముక తీయించుకోవడానికే. తాపీ మేస్త్రీకి బిగింపే నయం. పొగ తాగేవాళ్లకు బిగించిన ఎముకలు అతుక్కోవడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అతుక్కోవు కూడా. చుట్ట మానలేని మేస్త్రీ ముందు చుట్ట సంగతి తేల్చుకోవాలి.

రుమటాయిడ్‌లో పిడికిలి కణుపులు దిగజారి వేళ్లు చిటికెనవేలి వైపు ఒరిగిపోతాయి. అక్కడ బిగించరు, సిలికాన్ కీళ్లు పెడతారు. వేళ్లు వరుసలోకి వస్తాయి, నొప్పి తగ్గుతుంది, చేయి తెరుచుకుంటుంది. పిడికిలి బలం మాత్రం పెద్దగా పెరగదు, సిలికాన్ ఏళ్లు గడిచేకొద్దీ విరగవచ్చు. బరువులు ఎత్తడానికి ఈ ఆపరేషన్ చేయించుకుంటే నిరాశే. బటన్లు పెట్టుకోవాలి, గ్లాసు పట్టుకోవాలి, నలుగురిలో చేయి చాపాలి అనుకునేవాళ్లకు ఇది సంతోషాన్నిస్తుంది. ఆ చివరి కారణాన్ని ఎవరూ తక్కువ చేయనక్కర్లేదు.

వేలి మధ్య కణుపులో, చూపుడువేలికి బిగింపు, ఉంగరం, చిటికెన వేళ్లకు కదిలే కీలు అన్నది మామూలు ఆలోచన. సూది పట్టేది చూపుడువేలు, చుట్టి పట్టేవి ఆ రెండూ. చివరి కణుపైతే బిగించడమే, అందులో పెద్దగా పోయేదేమీ లేదు.

ఊళ్లోనా, వేలూరా

తిరుపతివాళ్లకు రుయా, స్విమ్స్, బర్డ్ ఉన్నాయి. రుయా ప్రభుత్వ బోధనాసుపత్రి. స్విమ్స్, బర్డ్ తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలోవి, అందులో బర్డ్ ఎముకలు, కీళ్లు, అంగవైకల్యం కోసమే పెట్టినది. వీటికి తోడు ప్రైవేటు ఆసుపత్రులు బోలెడు. దాటి వెళ్తే వేలూరులో సీఎంసీ ఆసుపత్రి, లేదా చెన్నై. చేతి శస్త్రచికిత్సలో వేలూరు పేరు ఊరికే రాలేదు. 1940ల చివర్లో అక్కడ పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు వల్ల ముడుచుకుపోయిన చేతులకు స్నాయువులు మార్చి వేళ్లు తెరిపించారు. ఒక స్నాయువును తీసి ఇంకో వేలికి ఇచ్చే పద్ధతిని అక్కడ తరాలుగా చేస్తున్నారు.

చిత్తూరువాళ్లకు ఇందులో ఆలోచించవలసింది తక్కువ. వేలూరు సుమారు 35 కిలోమీటర్లు, తిరుపతి దానికి రెట్టింపు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. తిరుపతి నుంచైతే వంద దాటుతుంది. పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి రైలుంది, అయినా ఓపీకి వెళ్లొస్తే ఒక రోజు పోయినట్టే. ఆపరేషన్‌కు ఒకసారి అంత దూరం వెళ్లడం ఎవరికైనా సాధ్యమే. దాని తర్వాత వారానికి రెండుసార్లు థెరపీకి వెళ్లడం సాధ్యమా? చేతి ఆపరేషన్‌లో సగం పని థెరపీది. పేరున్న సర్జన్ దగ్గర చేయించుకుని థెరపీ ఎగ్గొట్టిన చేయి, మామూలు సర్జన్ చేసి థెరపీ సక్రమంగా జరిగిన చేతి కంటే బిగుసుకుపోతుంది.

నా సలహా ఇది. నరం నలగడం, వేలు పట్టేయడం లాంటి చిన్నవాటికి ఊరు దాటనక్కర్లేదు. స్నాయువు మార్పిడి, పిడికిలి కీళ్లు, మణికట్టు బిగింపు వంటివాటికి ఇలాంటివి తరచుగా చేసే చేతి సర్జన్ ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి. డిశ్చార్జి రోజున ఏ వారం ఏ కదలిక, ఎంత బరువు, స్ప్లింట్ ఎన్నాళ్లు అన్నది కాగితం మీద రాయించుకుని తెచ్చి, థెరపీ మాత్రం ఇంటి దగ్గర చేయించుకోండి. ఆ కాగితం లేకుండా ఏ ఫిజియోథెరపిస్టుకూ మీ చేయి అప్పగించకండి. అతికిన స్నాయువును నాలుగో వారంలో ఎంత లాగాలో ఊహించి చేసే పని కాదది.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రిలోని పథకం కౌంటర్లో అడ్మిషన్‌కు ముందే అడగాలి. చేరిన తర్వాత అడిగితే చిక్కులు.

ఆపరేషన్‌కు ముందు చెప్పవలసినవి

స్టెరాయిడ్ వాడుతుంటే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. మెథోట్రెక్సేట్ సాధారణంగా కొనసాగిస్తారు. బయోలాజిక్‌లు, టోఫాసిటినిబ్ అయితే ఎప్పుడు ఆపి ఎప్పుడు మొదలుపెట్టాలో కీళ్లవాత డాక్టరు, సర్జన్ మాట్లాడుకోవాలి. రుమటాయిడ్ పాతదైతే మెడ ఎముకల్లో కూడా వదులు రావచ్చు కాబట్టి మత్తు డాక్టరుకు జబ్బు పేరు చెప్పి తీరాలి. చేతి వరకే మత్తిచ్చే పద్ధతి చాలా ఆపరేషన్లకు సరిపోతుంది. ఉంగరాలు, గాజులు ఇంట్లోనే తీయండి. ఊడని ఉంగరాన్ని కంసాలి దగ్గర కోయించుకుని వెళ్లడం మంచిది.

ఆ ఆరు వారాలకు ఎవరి చేతులు

పనుల కాగితం వెనక ఇంకో జాబితా రాయాలి: ఆరు వారాలు నాకు జడ ఎవరు వేస్తారు, కుక్కరు ఎవరు దించుతారు, హుక్కులు ఎవరు పెడతారు. ఈ జాబితా ఖాళీగా ఉంటే, ఆగదగిన ఆపరేషన్ అయితే వాయిదా వేయడమే తెలివి. కూతురి పరీక్షలు, అత్తగారి కంటి ఆపరేషన్, మామిడి కోతలు, అన్నీ చూసుకోవాలి. టైలర్లకైతే ఆషాఢాన్ని మించిన నెల లేదు. పెళ్లిళ్లుండవు, ఆర్డర్లు పలచబడతాయి. మూఢం వచ్చినా అంతే. "ఆషాఢంలో ఆపరేషనా" అని పెద్దవాళ్లు మూతి విరుస్తారు. శ్రావణంలో చేయించుకుంటే దుకాణం అద్దె ఆ పెద్దవాళ్లు కడతారా?

మొదటి రోజుల్లో చేయి గుండె కంటే ఎత్తులో ఉండాలి. పడుకున్నప్పుడు దిండ్ల మీద, నడిచేటప్పుడు ఎత్తి పట్టుకోవాలి, కిందికి వేలాడేయకూడదు. కట్టులో లేని వేళ్లు, మోచేయి, భుజం మొదటి రోజు నుంచే కదపాలి. చేయికి ఆపరేషన్ అయితే భుజం పట్టేసి ఏడాది బాధపడినవాళ్లున్నారు. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజుల్లో తీస్తారు. వేలు నీలంగా మారినా, మొద్దుబారినా, నొప్పి తగ్గేది పోయి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా రాత్రయినా సరే ఆసుపత్రికి ఫోను చేయాలి. ఎడమచేత్తో తినడానికి ఇంట్లో అభ్యంతరముంటే చెంచా ఉంది, అదీ కాదంటే పెట్టేవాళ్లు పెట్టాలి.

స్నాయువు మార్పిడి అయితే మూడు నాలుగు వారాలు స్ప్లింట్, ఆరు నుంచి ఎనిమిది వారాలకు తేలిక పనులు, మూడు నెలలకు బరువు పనులు. పిడికిలి కీళ్లకు పగటి స్ప్లింట్ ఆరు వారాలు, రాత్రిది మూడు నెలల దాకా. బిగించిన మణికట్టుకు ఎముక అతికేదాకా, అంటే రెండు మూడు నెలలు, బిందె ఎత్తకూడదు.

పాత పనికా, మారిన పనికా

ముందు పనిముట్టు మార్చి చూడండి, తర్వాతే పని మార్చే ఆలోచన. కాలితో తొక్కే మిషనుకు మోటారు పెట్టించడం వల్ల కాలికే కాదు, చక్రం తిప్పే కుడిచేతికీ సుఖం. బరువైన ఇనుప కత్తెర బదులు దానంతటదే తెరుచుకునే స్ప్రింగు కత్తెర, మందం గుడ్డలకు కరెంటు కట్టర్. సూదిలో దారం ఎక్కించే చిన్న తీగ. కాజాలు, మగ్గం పని బయటికి ఇచ్చేయండి. రాసే పని ఉన్నవాళ్లు పెన్నుకు సైకిలు ట్యూబు ముక్క తొడిగితే పట్టు మారుతుంది. వంటింట్లో ఒంటిచెవి గిన్నెలు పక్కకు పెట్టి రెండు చెవులవి వాడండి. సంచి వేళ్లతో మోయకుండా ముంజేతికి తగిలించండి.

ప్రభుత్వోద్యోగులకు ఒక రక్షణ ఉంది. ఉద్యోగంలో ఉండగా అంగవైకల్యం వచ్చిందని తీసేయడానికి, హోదా తగ్గించడానికి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఒప్పుకోదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. బోర్డు మీద రాయలేని టీచరు, ఫైళ్లు మోయలేని గుమస్తా రాజీనామా రాసే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. చేతి వైకల్యం స్థిరపడిపోతే, వైకల్యం ఎంతో తేల్చే సదరం శిబిరంలో పరీక్ష చేయించుకోవచ్చు. 40 శాతం, ఆపైన సర్టిఫికెట్ వచ్చి మిగతా అర్హతలు ఉంటే ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. ఆపరేషన్‌కు ముందటి రిపోర్టులు, ఎక్స్‌రేలు పారేయకండి, అక్కడ అడుగుతారు.

మాలాంటి సొంత దుకాణాలవాళ్లకు ఏ చట్టమూ లేదు. మేం ఎంచుకోగలిగేది రెండే: ఆర్డర్లు తగ్గించుకోవడం, లేదా కుట్టేవాళ్లను పెట్టుకుని కటింగ్, కొలతలు మన దగ్గర ఉంచుకోవడం. రెండోదాన్నే సమర్థిస్తాను, ఒక షరతుతో. పీస్ రేటు ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోండి. చేయి బాగుపడ్డాక పని వెనక్కి తీసుకోవాలనుకుంటే ఆ మాట కూడా అదే కాగితంలో ఉండాలి. లేకపోతే ఆరు నెలలకు కొలతలతో సహా ఖాతాదారులు మీరు కుట్టడానికి పెట్టుకున్న అమ్మాయి వెంట పక్క వీధికి వెళ్లిపోతారు, అందులో ఆ అమ్మాయి తప్పేమీ ఉండదు.